మూడు నెలల్లో గైడ్ డాగ్ రాబోతోంది, ఎలా సిద్ధం కావాలి?

మీరు అడిగిన సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. మీకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చీకటి పడితే ఏమీ కనిపించదు, పగటిపూట మధ్యలో కొద్ది భాగం మాత్రం కనిపిస్తుంది. న్యూజెర్సీలో ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్, రైలెక్కి న్యూయార్క్‌లో ఉద్యోగానికి వెళ్తారు. చూపులేనివాళ్ళను దారిలో నడిపించే కుక్కలకు, అంటే గైడ్ డాగ్‌లకు, శిక్షణ ఇచ్చే ‘ది సీయింగ్ ఐ’ స్కూలు మోరిస్‌టౌన్‌లో ఉంది, అక్కడి నుంచి పిలుపు వచ్చింది, క్లాసు మూడు నెలల్లో మొదలు. సరిగ్గా అప్పుడే మీ అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. అమ్మగారికి పూజలు, మడి ఉన్నాయి. మీకే చిన్నప్పటి నుంచి కుక్కలంటే కొంచెం భయం. ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి, ఇంటిని ఎలా సర్దుకోవాలి, ఆ తర్వాత ఇండియా వెళ్తే కుక్కను వెంట తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. అమెరికాలో చాలాకాలంగా గైడ్ డాగ్‌తోనే తిరుగుతున్నాను, ఇప్పుడున్నది రెండో కుక్క. కొత్తగా క్లాసుకు వెళ్ళే మనవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూ ఉంటారు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట. కుక్క సిద్ధంగానే వస్తుంది. ఏడెనిమిది వారాల పిల్లగా ఉన్నప్పుడే దాన్ని ఒక వలంటీర్ కుటుంబానికి ఇస్తారు. ఏడాదికి పైగా అది వాళ్ళింట్లో పెరిగి బస్సులు, షాపులు, జనం, పిల్లల గోల అన్నీ అలవాటు చేసుకుంటుంది. తర్వాత కొన్ని నెలలు ట్రైనర్ చేతిలో పని నేర్చుకుంటుంది. అడ్డం వస్తే తప్పించడం, ఫుట్‌పాత్ అంచున ఆగడం, మెట్ల దగ్గర ఆగడం, కారు మీదికి వస్తుంటే మీరు ‘ఫార్వర్డ్’ అన్నా కదలకపోవడం దానికి ముందే వచ్చు. కాబట్టి ఈ మూడు నెలల్లో తయారు కావలసింది మీ నడక, మీ దారులు, మీ గొంతు, మీ ఇల్లు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే క్లాసులో సగం టెన్షన్ పోతుంది.

దారుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ పొరబడేది ఇక్కడే. గైడ్ డాగ్‌కు మీ ఆఫీసు అడ్రసు తెలియదు. ‘ఆఫీసుకు పద’ అంటే తీసుకెళ్ళదు. ఎన్ని వీధులు దాటాలి, ఎక్కడ ఎడమకు తిరగాలి, ఇప్పుడు ఏ మూల మీద ఉన్నాం అనే లెక్కంతా మీ తలలో ఉండాలి. ట్రాఫిక్ సిగ్నల్ కూడా కుక్క చూసి చెప్పదు. కుక్కలకు ఎరుపు, ఆకుపచ్చ మనుషుల్లా విడివిడిగా కనిపించవు, పైగా సిగ్నల్ చూడటం దాని పని కాదు. మీ పక్కన, మీరు నడిచే దిక్కులోనే పోయే వాహనాలు ఒక్కసారిగా కదిలిన చప్పుడు విని, ఇక దాటొచ్చని నిర్ణయించి, ‘ఫార్వర్డ్’ అనాల్సింది మీరు. అప్పుడు కుక్క దాటిస్తుంది. ఎవరైనా కారు సడెన్‌గా తిప్పితే ఆగుతుంది, లేదా మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. నిర్ణయం మీది, తప్పించే పని దానిది.

అందుకే క్లాసుకు ముందు తెల్లకర్ర పని బాగా పదును పెట్టుకోండి. న్యూజెర్సీ రాష్ట్రంలో చూపులేనివాళ్ళ కోసం కమిషన్ ఉంది, వాళ్ళు ఓరియంటేషన్, మొబిలిటీ ట్రైనర్‌ను, అంటే దారులు గుర్తుపట్టి సొంతంగా తిరగడం నేర్పే మనిషిని, పంపిస్తారు. ఇప్పుడే ఫోన్ చేసి, క్లాసు తేదీ చెప్పి, కొన్ని పాఠాలు అడగండి. మీకు రోజూ కావలసిన దారులు ఎన్నుకోండి: ఇంటి నుంచి స్టేషన్, న్యూయార్క్‌లో రైలు దిగే పెన్ స్టేషన్ నుంచి ఆఫీసు, కిరాణా కొట్టు, గుడి, మందుల షాపు. ఒక్కొక్కటీ కర్రతో, ఎవరి తోడూ లేకుండా, చెప్పమంటే కళ్ళ ముందు మ్యాపు ఉన్నట్టు చెప్పగలిగేదాకా నడవండి. పెన్ స్టేషన్‌లో లిఫ్టులు, మామూలు మెట్లు ఎక్కడున్నాయో కూడా ఇప్పుడే నేర్చుకోండి. ఎస్కలేటర్ మీద కుక్క పంజా ఇరుక్కునే ప్రమాదం ఉంది. రోజూ వెళ్ళే దారిలో ఎస్కలేటర్ లేకుండా చూసుకోవడమే మేలు.

కుక్క వచ్చాక కర్ర అటక మీద పెట్టేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వద్దు. కుక్కకు జ్వరం వస్తుంది, ఆపరేషన్ అవుతుంది, వయసు అయిపోయి రిటైర్ అవుతుంది. ఆ రోజుల్లో కర్ర లేకపోతే ఇంట్లోనే కూర్చోవాలి.

మీకు కొద్దిగా చూపు ఉంది అన్నారు. దీని గురించి కుక్కల స్కూల్లో మీ ట్రైనర్‌తో మొదటి రోజే వివరంగా మాట్లాడండి. కొంచెం చూపు ఉన్నవాళ్ళకు గైడ్ డాగ్‌తో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంటుంది. ఎదురుగా చెత్తడబ్బా ఉందనుకోండి. కుక్క దాన్ని తప్పించడానికి సిద్ధమయ్యేలోపు మీ కంటికి లీలగా కనిపించి మీరే పక్కకు జరుగుతారు. పది సార్లు ఇలా జరిగితే కుక్క ఏమనుకుంటుంది? ఈ మనిషే చూసుకుంటున్నాడు, నా అవసరం లేదనుకుంటుంది. నెమ్మదిగా పని తగ్గించేస్తుంది. పగలంతా ఇలా పని తగ్గించిన కుక్కే సాయంత్రం చీకటి పడ్డాక కూడా మిమ్మల్ని నడిపించాలి. అప్పుడే ప్రమాదం. అందుకని ఇప్పటి నుంచి కర్రతో నడిచే పాఠాల్లో కొన్ని కళ్ళకు నల్ల గంతలు కట్టుకుని చేయండి. చెవి మీద, పాదం మీద నమ్మకం పెరుగుతుంది. క్లాసులో కూడా గంతలు వాడొచ్చా అని అడగండి. కుక్క ఒంటికి కట్టే పట్టీని హార్నెస్ అంటారు, దానికుండే హ్యాండిల్‌ను మీరు పట్టుకుంటారు. ఆ హ్యాండిల్ ఎటు కదిలితే అటు కదలడం మీ ఒంటికి అలవాటు కావాలి.

కుక్క ఆగినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్తాను. ఆగగానే ‘ఏమైంది, పద’ అని తొందరపెట్టకండి. ముందు మీరు కూడా ఆగండి. కుడి పాదం ముందుకు జరిపి చూడండి: మెట్టు ఉందా, అంచు ఉందా, గుంట ఉందా? ఏమీ తగలకపోతే చేయి ముఖం ఎత్తులో చాపి చూడండి: చెట్టుకొమ్మ కావచ్చు, లారీ వెనక తలుపు కావచ్చు. కారణం దొరికాక దాన్ని మెచ్చుకుని, అప్పుడు ముందుకు వెళ్ళమనండి. కారణం దొరక్కపోయినా తిట్టవద్దు. మీకు తెలియనిది దానికి కనిపించి ఉండొచ్చు.

ఇక శరీరం. గైడ్ డాగ్ నడక కర్ర నడక కంటే వేగం. మొదటిసారి హ్యాండిల్ పట్టుకున్న చాలామంది మాట ఒక్కటే: ఇంత జోరుగా నడిచి ఎన్నేళ్ళైంది అని. క్లాసులో రోజుకు రెండు పూటలా, ఎండైనా వానైనా నడిపిస్తారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైతే మొదటి వారంలోనే పిక్కలు పట్టేస్తాయి. ఇప్పటి నుంచి రోజూ ఒక గంట, కొంచెం ఒగర్చేంత వేగంగా నడవండి. ట్రెడ్‌మిల్ అయినా పర్వాలేదు. బూట్లు కొత్తవి కొనాలంటే ఇప్పుడే కొని అరగదీయండి. కొత్త బూట్లతో క్లాసుకు వెళ్తే రెండో రోజే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. వానలో నడిచేందుకు రెయిన్‌కోటు తప్పనిసరి. ఎడమ చేతిలో హ్యాండిల్, కుడి చేత్తో తలుపులు తీయాలి కాబట్టి గొడుగు కుదరదు. ఆఫీసు బ్యాగు కూడా వీపు మీద వేసుకునేదిగా మార్చుకోండి.

స్కూలు వాళ్ళు మీ ఇంటికి వచ్చినప్పుడు ఒక ట్రైనర్ హ్యాండిల్ చివర తానే కుక్కలా పట్టుకుని మిమ్మల్ని నడిపించి ఉంటారు. దాన్ని ‘జూనో’ అంటారు. మీ వేగం, ఎంత లాగితే మీకు ఇష్టం, ఎంత గట్టిగా ‘లెఫ్ట్’, ‘రైట్’ అంటారు, ఇవన్నీ అప్పుడే గమనిస్తారు. ఆ లెక్కలన్నీ చూసే కుక్కను జత చేస్తారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, లేదా వీటి సంకరాల్లో ఏదైనా రావొచ్చు. ‘నాకు నల్ల లాబ్రడార్ కావాలి’ అని పట్టుబట్టకండి. దాని బదులు మీ జీవితం ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి: రద్దీ రైలు, ఇంట్లో పెద్దవాళ్ళు, వారాంతాల్లో యాభై మంది వచ్చే ఫంక్షన్లు, పిల్లలు, గుడి, పండగలకు డప్పులు. కుక్కలంటే భయం ఉందని కూడా చెప్పండి. అది చెప్తే క్లాసు పోతుందేమోనని దాచకండి. ఆ మాట తెలిస్తేనే మెత్తటి స్వభావం ఉన్న కుక్కను చూస్తారు.

ఆ భయం పోవడానికి మూడు నెలలు సరిపోతాయి. తెలిసినవాళ్ళింట్లో శాంతమైన లాబ్రడార్ ఉంటే వారానికి ఒకసారి వెళ్ళి పక్కన కూర్చోండి. చెవులు, పాదాలు, పళ్ళు ముట్టుకుని చూడండి. రేపు మీ కుక్కకు పళ్ళు తోమాల్సింది, చెవులు తుడవాల్సింది, గోళ్ళు చూడాల్సింది, రోజూ దువ్వాల్సింది మీరే. మన ఊళ్ళలో వీధికుక్కల మధ్య పెరిగినవాళ్ళకు కుక్క మూతి చేతికి తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది. అందులో సిగ్గుపడటానికి ఏమీ లేదు. చేతికి నెమ్మదిగా అలవాటు చేస్తే చాలు.

స్కూలు సంగతి కొంచెం తెలుసుకుని వెళ్ళండి, అక్కడ గడిపే రోజులకు అర్థం వస్తుంది. మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని యువకుడు 1928లో స్విట్జర్లాండ్ వెళ్ళి, అక్కడ డొరోథీ హారిసన్ యూస్టిస్ నడిపే కుక్కల శిక్షణ కేంద్రంలో బడ్డీ అనే జర్మన్ షెపర్డ్‌తో తిరగడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి న్యూయార్క్‌లో వాహనాలు దూసుకుపోయే వెస్ట్ స్ట్రీట్‌ను విలేకరుల ముందు దాటి చూపించాడు. 1929 జనవరిలో నాష్‌విల్‌లో స్కూలు మొదలైంది, తర్వాత న్యూజెర్సీకి వచ్చింది. మొదటి కుక్కకు విద్యార్థి 150 డాలర్లు కడతాడు. కుక్క, శిక్షణ, బస, భోజనం, ప్రయాణం అన్నీ అందులోనే. అసలు ఖర్చుతో పోలిస్తే అది ఏమూలకూ రాదు, కానీ ఉచితంగా పుచ్చుకున్నాననే భావం మనిషికి ఉండకూడదని ఆ పద్ధతి. కాలిఫోర్నియాలో శాన్ రఫేల్‌లో ఉన్న గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్, మిషిగన్‌లో రాచెస్టర్ హిల్స్‌లో ఉన్న లీడర్ డాగ్స్ లాంటివి డబ్బు తీసుకోవు. వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదివేవాళ్ళు వాటికీ అప్లై చేయొచ్చు. క్లాసు స్కూలును బట్టి రెండు నుంచి నాలుగు వారాలు. వీసా మీద ఉన్నవాళ్ళు అడ్మిషన్ విభాగాన్ని నేరుగా అడిగి తెలుసుకోండి, మధ్యలో ఎవరి మాటా నమ్మొద్దు.

క్లాసులో కుక్కను మొదటి గంటలోనే చేతికివ్వరు. ముందు మాటలు, హ్యాండిల్ పట్టుకోవడం, మళ్ళీ జూనో నడకలు. తర్వాత ఒక రోజు మీ గదిలో కూర్చోమని చెప్పి కుక్కను తీసుకొస్తారు. ఆ క్షణం గురించి చాలా ఊహలు పెట్టుకుని వెళ్తారు అందరూ. చాలాసార్లు ఏం జరుగుతుందంటే, అది మిమ్మల్ని ఒకసారి వాసన చూసి, వెళ్ళిపోతున్న ట్రైనర్ వైపు తిరిగి మూలుగుతుంది. నెలల తరబడి దానికి తెలిసిన మనిషి ఆయనే. తలుపు దగ్గరే పడుకుంటుంది, మీరు పిలిస్తే చెవి కూడా కదపదు. బాధపడకండి. తిండి, నీళ్ళు, బయటికి తీసుకెళ్ళడం, దువ్వడం, ఆడించడం అన్నీ మీ చేతి మీదుగానే జరిగేసరికి అది మీ వైపు తిరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో ఫోన్ కాల్స్ తగ్గించండి, సెలవు పెట్టి ఆఫీసు పని వెంట తీసుకెళ్ళకండి. పూర్తి జట్టుగా కుదరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మొదటి మూడు నెలల్లో ‘కర్రే బాగుండేది’ అనిపించే రోజులు తప్పకుండా వస్తాయి.

చాలామంది మొహమాటంతో అడగనిది, కుక్క దొడ్డికి వెళ్ళే సంగతి. రోజుకు నాలుగైదు సార్లు, ఒకే వేళకు తీసుకెళ్ళాలి. ఈ స్కూల్లో దాన్ని ‘పార్క్ టైమ్’ అంటారు. హార్నెస్ తీసేసి, లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పొడవుగా వదిలితే మీ చుట్టూ తిరుగుతుంది. ఆగినప్పుడు వీపు మీద చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది: నడుము గుండ్రంగా వంగితే దొడ్డికి, వీపు తిన్నగా వాలితే మూత్రం. దొడ్డికైతే మీ పాదాన్ని గుర్తుగా ఆ చోటే ఉంచి, చేతికి కవరు తొడుక్కుని, వంగి తీసి, కవరు తిరగేసి ముడి వేయడమే. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. మీరు ఇప్పుడు చేయాల్సింది అపార్ట్‌మెంట్ దగ్గర ఒక చోటు చూసి పెట్టుకోవడం. గడ్డి ఉండాలి, చెత్తడబ్బా దగ్గరగా ఉండాలి, రాత్రి పదకొండుకైనా భయం లేకుండా వెళ్ళగలిగేలా ఉండాలి. చలికాలం ఫుట్‌పాత్‌ల మీద చల్లే ఉప్పు పంజాలను మండిస్తుంది, ఇంటికి రాగానే కడగాలి లేదా బూట్లు తొడగాలి. ఎండాకాలం తారురోడ్డు మీద మీ చేయి కాసేపు పెట్టలేకపోతే దాన్నీ నడిపించకండి.

గొంతు సంగతి. ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులో, అది నేర్చుకున్నట్టే చెప్పాలి. స్పష్టంగా, అరవకుండా, ప్రతిసారీ ఒకేలా. మెచ్చుకోవడం మాత్రం ఏ భాషలోనైనా సరే, దానికి అర్థమయ్యేది మీ గొంతులో ఆనందం. మన మగవాళ్ళు చాలామంది ఇక్కడ బిగుసుకుపోతారు. నలుగురూ తిరిగే వీధిలో కుక్కను గట్టిగా ముద్దుచేసి మాట్లాడటానికి నామోషీ. కానీ అంచు దగ్గర సరిగ్గా ఆగిన ప్రతిసారీ అది మీ మెప్పు కోసం చూస్తుంది. ‘శభాష్ బంగారం’ అని నోరారా అనండి. ఇప్పటి నుంచే ఇంట్లో గట్టిగా పలికి చూసుకోండి.

ఇప్పుడు అమ్మగారి విషయం. నాకు ఇదే ముఖ్యం అనిపించింది. అమ్మానాన్న విమానం ఎక్కకముందే మాట్లాడండి. కుక్కను చూసి ఉలిక్కిపడ్డాక సర్దిచెప్పడం కష్టం. ‘కుక్కను పెంచుకుంటున్నాను’ అనకండి, అలా అంటే వాళ్ళ మనసులో వచ్చే బొమ్మ వేరు. రాత్రిపూట స్టేషన్ నుంచి ఒక్కడినే ఎలా వస్తున్నానో, ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పండి. ఈ కుక్క వస్తే అది ఎలా మారుతుందో చెప్పండి. కొడుకు క్షేమం కంటే మడి ఎక్కువ అనుకునే తల్లి నాకింతవరకు తారసపడలేదు.

అలాగని వాళ్ళ నియమాన్ని తీసిపారేయకండి. పూజ గది లేదా పూజ అలమర ఉన్న చోటికి కుక్క రాకుండా పిల్లల గేటు పెట్టించండి. వంటగది గడప కూడా దానికి హద్దుగా పెట్టొచ్చు. ఈ కుక్కలు హద్దు తొందరగా నేర్చుకుంటాయి. బయటినుంచి రాగానే తలుపు దగ్గరే పాదాలు తుడిచే అలవాటు పెట్టుకోండి. ఆ తడిబట్ట రోజూ చూస్తే అమ్మగారి మనసు సగం కుదుటపడుతుంది. రోజూ దువ్వి, వాక్యూమ్ చేయకపోతే లాబ్రడార్ వెంట్రుకలు ఇల్లంతా ఉంటాయి. అది మాత్రం ముందే చెప్పండి. పెద్దవాళ్ళు రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు నడిచే దారిలో కుక్క పడుకోకుండా, దాని పరుపుకు ఒక మూల కేటాయించండి. తట్టుకుని పడితే తుంటి ఎముక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మడి కంటే పెద్ద సమస్య రెండు వారాల తర్వాత వస్తుంది: ప్రేమ. మొదట దూరంగా జరిగిన అమ్మగారే ‘పాపం, ఎంత బుద్ధిగా కూర్చుందో’ అని పెరుగన్నం ముద్ద పెడతారు. ఇక్కడ మీరు గట్టిగా ఉండాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, పచ్చివైనా వండినవైనా. మన కూరల్లో, సాంబారులో, ఆవకాయలో అవి లేనిదెక్కడ? ద్రాక్ష, కిస్మిస్ వల్ల కిడ్నీలు పాడవుతాయి. పరమాన్నంలో నేతిలో వేయించి వేసే కిస్మిస్ కూడా అంతే. చాక్లెట్ విషం, కొన్ని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థమూ విషమే. వండిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇవి కాగితం మీద తెలుగులో రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. రెండో కారణం మీ పనికి సంబంధించింది. ఒకసారి భోజనాల బల్ల దగ్గర రుచి తెలిస్తే, రేపు హోటల్లో మీ కాళ్ళ దగ్గర పడుకోవలసిన కుక్క పక్క బల్ల కింద వెతుక్కుంటూ పోతుంది. ప్రేమ చూపించడానికి వేరే దారి ఇవ్వండి: హార్నెస్ తీశాక, మీరు సరే అన్నాక, అమ్మగారు బొమ్మ విసిరి ఆడించవచ్చు. తిండి మాత్రం మొదటి నెలల్లో మీ చేతి నుంచే.

ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు వారాలు కుక్కను ఇల్లంతా వదిలేయకండి. లీష్ మీ నడుముకో, కుర్చీ కాలికో ఉండాలి. మీరు ఎక్కడుంటే అది అక్కడ. బయట తెలిసిన చిన్న దారులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటి కలుపుకుంటూ పోండి. మొదటి రోజే పెన్ స్టేషన్ వద్దు. మొదటి నెలలో పెళ్ళిళ్ళు, సీమంతాలు, దీపావళి టపాసులు ఉన్న చోట్లు తప్పించండి. పిలిచినవాళ్ళు ఏమనుకున్నా సరే. ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలకు ఒక్క నియమం చెప్పండి: హార్నెస్ ఉంటే అది డ్యూటీలో ఉంది, ముట్టుకోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. కొందరు హ్యాండ్లర్లు బయటివాళ్ళకు కుక్క అసలు పేరు కాకుండా వేరే పేరు చెప్తారు. ఫంక్షన్లలో అది చాలా పనికొస్తుంది.

ఆఫీసుకు ఇప్పుడే తెలియజేయండి. ఉద్యోగ స్థలం విషయంలో హెచ్‌ఆర్‌తో మాట్లాడి ఏర్పాటు కోరాలి, వాళ్ళు కొన్ని కాగితాలు అడగొచ్చు. షాపులు, హోటళ్ళు, టాక్సీలు వేరు. అమెరికా వికలాంగుల చట్టం ఏడీఏ ప్రకారం, విషయం పైకి తెలియనప్పుడు వాళ్ళు రెండే ప్రశ్నలు అడగగలరు: ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా, ఏ పని చేయడానికి శిక్షణ పొందింది అని. సర్టిఫికెట్ చూపించమనే హక్కు లేదు. మా కస్టమర్లకు భయం, అలర్జీ అనేవి కారణాలు కావు. కుక్క అదుపు తప్పితేనో, లోపల మూత్రం పోస్తేనో బయటికి తీసుకెళ్ళమనొచ్చు. అద్దె ఇంట్లో గైడ్ డాగ్‌కు పెట్ ఫీజు, డిపాజిట్ వేయకూడదు, అది ఫెయిర్ హౌసింగ్ చట్టం. క్యాబ్ డ్రైవర్లు కుక్కను చూసి రైడ్ క్యాన్సిల్ చేయడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అంధుల జాతీయ సమాఖ్య వేసిన దావా 2016లో రాజీతో ముగిసి, తెలిసీ నిరాకరించే డ్రైవర్లను తొలగిస్తామని ఊబర్ ఒప్పుకుంది. జరిగిన ప్రతిసారీ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి, ఓపిక లేదని వదిలేయకండి.

గుడి విషయంలో మాత్రం చట్టం మీ వెంట రాదు. మత సంస్థలకు ఏడీఏ వర్తించదు కాబట్టి గుడి కమిటీ కాదనొచ్చు. నా అనుభవంలో పండగ రోజున కుక్కతో వెళ్ళి గుమ్మం దగ్గర వాదించడం కంటే, మామూలు రోజు ముందే ఫోన్ చేసి మేనేజర్‌తో, పూజారి గారితో మాట్లాడితే పని జరుగుతుంది. గర్భగుడి దగ్గరికి కాకుండా హాల్లో ఒక మూల కూర్చోవచ్చా, లేదా చెప్పులు విడిచే గదిలో ఎవరైనా కుక్క దగ్గర ఉంటే నేను కర్రతో లోపలికి వెళ్ళొచ్చా అని అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకోనిచోట నాకు ఇప్పటికీ మనసు కష్టపడుతుంది. అయినా కుక్కను మాత్రం కారులో ఒంటరిగా వదిలి వెళ్ళకండి, వేసవిలో నిమిషాల్లో ప్రాణాల మీదికి వస్తుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. తిండి, వార్షిక పరీక్షలు, టీకాలు, పురుగుల మందులు మీవే. అత్యవసరానికి కొంత పక్కన పెట్టండి. ట్యాక్స్ రిటర్నులో ఐటమైజ్ చేసేవాళ్ళు, అంటే ఖర్చులను విడివిడిగా చూపేవాళ్ళు, గైడ్ డాగ్ పోషణ ఖర్చును వైద్య ఖర్చుల్లో చూపవచ్చు, రసీదులు దాచండి.

చివరగా ఇండియా. కాగితాల పరంగా తీసుకెళ్ళడం సాధ్యమే. విమానంలో సర్వీస్ డాగ్ మీ కాళ్ళ దగ్గర ఉంటుంది. 2021 నుంచి అమల్లో ఉన్న అమెరికా రవాణా శాఖ నియమాల ప్రకారం ఎయిర్‌లైన్ ముందుగా ఫారం అడగొచ్చు. ఎనిమిది గంటలు, అంతకు మించిన విమాన ప్రయాణానికి, కుక్క విమానంలో మూత్ర విసర్జన చేయదని, లేదా శుభ్రంగా చేయగలదని రాసిచ్చే ఇంకో ఫారం ఉంటుంది. ఇండియా వైపు జంతు క్వారంటైన్ శాఖ అనుమతి కావాలి. తిరిగి వచ్చేటప్పుడే అసలు కష్టం. కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియాను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఉంచింది. 2024 ఆగస్టు నుంచి నిబంధనలు బిగించారు: మైక్రోచిప్, సీడీసీ ఫారం, అమెరికాలోనే వేసిన రేబిస్ టీకాకు ప్రభుత్వ ధ్రువీకరణ. ఆ ధ్రువీకరణ మీరు బయలుదేరకముందే అమెరికాలో తీసుకోవాలి. అక్కడికెళ్ళాక గుర్తొస్తే తిరుగు ప్రయాణం చిక్కుల్లో పడుతుంది.

కాగితాలు కుదిరినా, రెండు మూడు వారాల ప్రయాణానికి నేను తీసుకెళ్ళను, మిమ్మల్నీ వద్దనే అంటాను. ఈ కుక్క నేర్చుకున్నదంతా ఫుట్‌పాత్, దాని అంచు, కూడలి అనే లెక్క మీద ఉంటుంది. గుంటూరు వీధిలో ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు ఉంటాయి, లేనిచోట ఆటోలు ఉంటాయి. అన్నిటికంటే పెద్ద సమస్య వీధికుక్కలు. తమ వీధిలోకి కొత్త కుక్క వస్తే గుంపుగా మీద పడతాయి. హార్నెస్‌లో ఉన్న కుక్క పారిపోలేదు, మీరు ఎటు కొట్టాలో మీకు కనిపించదు. ఒక్క దాడి చాలు, తర్వాత అది వేరే కుక్కను చూస్తే వణికిపోయి పని మానేయవచ్చు. మే నెల ఎండలు, గోమార్లు సరేసరి. ఇక్కడ దాన్ని చూసుకునే మనిషిని ఇప్పటి నుంచే వెతకండి. మీకు నమ్మకమైన స్నేహితుడు కావచ్చు, లేదా ఎవరి దగ్గర వదలొచ్చో స్కూలునే అడగొచ్చు. క్లాసు అయిన మొదటి ఆరు నెలల్లో అసలు ప్రయాణమే పెట్టుకోకండి. అమ్మానాన్న తిరిగి వెళ్ళేటప్పుడు దింపిరావడానికి మీకూ టికెట్ తీసుకుందామని రాశారు. ఆ పనికి మీ అన్నయ్యను పంపండి.